మూడు చుక్కలు

బడి మొత్తానికీ ఆవిడ చుక్కల టీచరు. అసలు పేరు ఎవరికీ అవసరం పడలేదు. ఇరవై ఆరేళ్ళుగా పదో తరగతికి లెక్కలు చెబుతోంది. బడి తెరిచిన మొదటి వారంలోనే, పిల్లల మొహాలు ఇంకా సరిగ్గా చూడకముందే, హాజరు రిజిస్టరులో ఒక్కో పేరు పక్కన పెన్సిల్‌తో చుక్కలు పెట్టేసేది. తండ్రి ఏం పని చేస్తాడు, ఇల్లు ఏ వీధిలో, అక్కో అన్నో ఇదివరకు చదివి ఏం వెలగబెట్టారు, ఈ మూడూ తెలిస్తే చాలట. ఒక చుక్క అంటే గట్టెక్కే బాపతు. రెండంటే వెనక నుంచి తొయ్యాలి. మూడంటే ఊపిరి దండగ.

"డెబ్బై మంది పిల్లలు, నలభై నిమిషాల పీరియడు. అందరికీ నేనెక్కడ సరిపోతానండీ?" అనేది స్టాఫ్‌రూమ్‌లో. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఫలితాలు రాగానే రిజిస్టరు తెరిచి, "చూశారా, నా చుక్క తప్పిందా?" అని మురిసిపోయేది చూడండి, అక్కడే, పక్క కుర్చీలో తెలుగు పేపర్లు దిద్దుకునే నాకు ఒళ్ళు మండేది. ఎలా తప్పుతుంది? ఒక చుక్క పిల్లలు ముందు బెంచీల్లో. వాళ్ళు తప్పు చేస్తే పక్కన నిలబడి నాలుగుసార్లు చెప్పేది. మూడు చుక్కల వాళ్ళు వెనక గోడ దగ్గర. వాళ్ళ నోటు పుస్తకాల మీద చదవకుండానే టిక్కు కొట్టేది, ప్రశ్న అడిగేది కాదు. పోనీ తిట్టేదా అంటే అదీ లేదు. తిట్టాలన్నా మనిషి వంక చూడాలి కదా.

ఇవాళ పొద్దున సుద్దముక్కల డబ్బా కోసం సామాన్ల గదిలో బీరువా తెరిచింది. పై అరలో ఉబ్బిపోయిన రిజిస్టరొకటి కనిపించింది. ఈ ఏడాదిదే. రెండో వారంలో కప్పు కారి తడిసిపోతే, గుమాస్తా ఇంకో పుస్తకంలోకి ఎత్తి రాసి దీన్ని ఇక్కడ పడేశాడు. ఊరికే తిరగేసింది. ఒకచోట వేలు ఆగిపోయింది. పరుగున వెళ్ళి కొత్త రిజిస్టరు తెచ్చి పక్కన పెట్టుకుంది.

జరిగిందేమిటంటే, పద్దెనిమిదో నంబరు పిల్లాడు బడి మారిపోయాడని గుమాస్తా వాడి పేరు తీసేశాడు. కింది పేర్లన్నీ ఒక వరస పైకి జరిగాయి. చుక్కలు మాత్రం పాత నంబర్ల ప్రకారమే దించేశాడు. పాపం, అవేవో ఆఫీసు గుర్తులనుకున్నాడు! దాంతో పద్దెనిమిది నుంచి చివరిదాకా అందరికీ ఒకరి చుక్కలు ఇంకొకరికి పడ్డాయి. పోస్ట్‌మాన్ కూతురికి ఆవిడ పెట్టింది ఒకే ఒక్క చుక్క. వాళ్ళన్న ఈవిడ దగ్గరే చదివి లెక్కల్లో మొదటివాడిగా వచ్చాడు మరి. కొత్త పుస్తకంలో ఆ పిల్లకి మూడు. ఆ ఒక్క చుక్కా వెళ్ళి ఇస్త్రీ దుకాణం వాళ్ళమ్మాయికి పడింది.

ఆ ఇస్త్రీ దుకాణం పిల్ల ఇప్పుడు క్లాసులో ఫస్టు. పోస్ట్‌మాన్ కూతురు వరసగా రెండు పరీక్షలు తప్పి, రెండు నెలల నుంచి బడికే రావడం లేదు.

ఆవిడ రెండు పుస్తకాలూ మళ్ళీ మళ్ళీ పోల్చి చూసింది. చుక్కలు తప్పు పడ్డా ఫలితాలు చుక్కల ప్రకారమే వచ్చాయి. ఇన్నేళ్ళూ తను జాతకం చెబుతున్నాననుకుంది, రాస్తోందన్నమాట. "అయ్యో, నా చేతులు విరిగిపోనూ!" అని ఆ దుమ్ములోనే కూలబడి ఏడ్చింది. అప్పుడు గుర్తొచ్చింది, పెద్ద పరీక్షకి దరఖాస్తులు పంపడానికి ఇవాళే ఆఖరు. ఆఫీసు అయిదింటికి కట్టేస్తారు.

మధ్యాహ్నం సెలవు పెట్టి, ఫారం, కొత్త రిజిస్టరు సంచీలో వేసుకుని బయల్దేరింది. పోస్ట్‌మాన్ ఇంటికి తాళం వేసుంటే, అడుగుతూ వెతుకుతూ పిల్లని పట్టుకునేసరికి నాలుగయింది. ఆ పిల్ల టైలరు కొట్టులో కూర్చుని జాకెట్లకి హుక్కులు కుడుతోంది. తల్లి పక్కనే కాజాలు కుడుతోంది. టీచర్ని చూసి తల్లి గాభరాగా లేచి స్టూలు తుడిచింది.

"ఇక్కడ సంతకం పెట్టమ్మా," అని ఫారం ముందుకు చాచింది టీచరు. "మిగతాదంతా నేను చూసుకుంటాను. రోజూ ఇంటికొచ్చి చెబుతాను."

"నాకు లెక్కలు రావు టీచర్," అంది పిల్ల సూది ఆపకుండా.

"ఎవరన్నారే?"

"మీరే."

"నేనా? నేనెప్పుడన్నాను తల్లీ?"

"అనలేదు. ఏడాదంతా ఒక్కసారి కూడా నన్ను లేపి అడగలేదు. నాకు మూడు చుక్కలని అందరికీ తెలుసు. మీరు బోర్డు వైపు తిరిగినప్పుడు రిజిస్టరు చూసేవాళ్ళం."

టీచరు గబగబా అంతా చెప్పేసింది. కప్పు కారడం, గుమాస్తా, జరిగిపోయిన పేర్లు. "నీకు పెట్టింది ఒకే చుక్కమ్మా! పొరపాటు జరిగింది. నువ్వు తెలివిగలదానివి. నీ కాళ్ళు పట్టుకుంటాను, సంతకం చెయ్యి."

"పెట్టవే, అంత పెద్దావిడ అడుగుతుంటే," అంది తల్లి కళ్ళు ఒత్తుకుంటూ.

పిల్ల పెన్ను అందుకుంది. ఫారం మొదటి నుంచి చివరిదాకా చదివింది. కొట్టు గడియారంలో నాలుగుంపావు దాటింది.

"టీచర్, గుమాస్తాగారు సరిగ్గానే రాసి, మీరే నాకు మూడు చుక్కలు పెట్టుంటే, ఇవాళ వచ్చేవారా?"

వచ్చేదాన్నమ్మా అని ఒక్క మాట అంటే ఆ చెయ్యి కదిలేది. ఆవిడకీ తెలుసు. నోరు తెరిచింది. ఇరవై ఆరేళ్ళలో ఏ పిల్ల గుమ్మమైనా తొక్కిందా తను?

"వచ్చేదాన్ని కాదు," అంది.

పిల్ల తలూపింది. కోపంగా కాదు. పెన్ను మూత పెట్టి ఫారం మీద ఉంచి, రెండూ కలిపి తిరిగి ఇచ్చేసింది. "నా వెనక బెంచీలో కూర్చునే వాళ్ళిద్దరూ కూడా మానేశారు టీచర్. వాళ్ళవి మీరు పెట్టిన చుక్కలేనేమో," అని మళ్ళీ హుక్కు అందుకుంది.

తల్లి బతిమాలింది, కసిరింది, ఏడ్చింది. పిల్ల కదల్లేదు.

టీచరు రోడ్డు మీదికొచ్చింది. ఇంకా అరగంట టైముంది. ఆ ఇద్దరి ఇళ్ళకైనా పరిగెత్తాలి. సంచీలోంచి రిజిస్టరు తీసి ఈ నెల పేజీలు చూసింది. బడికి రానివాళ్ళు ఒకరిద్దరు కాదు, చాలామందే ఉన్నారు. ఏడాదంతా పిలిచిన హాజరే, డెబ్బై పేర్లూ నోటికొచ్చు. కానీ పోస్ట్‌మాన్ కూతురి వెనక కూర్చున్నదెవరో ఎంత తల బద్దలు కొట్టుకున్నా ఆవిడకి తెలియలేదు.