క్లీవ్‌లాండ్‌లో రొమేనియా రొట్టె

డెట్రాయిట్ దగ్గరి ట్రాయ్ ఊళ్ళో మా పక్కింటి డోయినా రొమేనియా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. ఆవిడ అన్నయ్య అక్కడే ఉండిపోయాడు. కవిత్వం రాస్తాడు, వాళ్ళ ప్రభుత్వం అచ్చు కానివ్వదు. "ఎక్కడైనా పదిమందికి ఒక్కసారి వినిపించు, నా పేరు మాత్రం చెప్పకు" అని ఎవరిద్వారానో కబురు పంపాడట. క్లీవ్‌లాండ్‌లో రొమేనియా సంస్కృతికీ సాహిత్యానికీ ప్రచారం చేసే సభ జరుగుతుందనీ, కవిత చదవడానికి పేరిచ్చాననీ, తోడు రమ్మనీ డోయినా అడిగింది. అలా ఎనభై నాలుగు అక్టోబరులో ఒక శనివారం బయల్దేరాం.

మావారు డెట్రాయిట్ బస్ స్టేషన్ దాకా డ్రైవ్ చేస్తూ, "రొమేనియాని ఉద్ధరించడానికి ఇంకెవరూ దొరకలేదటా?" అన్నారు.

"ఫ్రిజ్‌లో వంకాయ కూర ఉంది, వేడి చేసుకుని తినండి. రొమేనియా సంగతి మేం చూసుకుంటాం."

ఏడున్నరకు బస్సు కదిలింది. టొలీడోలో పావుగంట ఆపాడు. ఆ స్టేషన్‌లో కాఫీ దొరుకుతుంది. వేడినీళ్ళకు రంగు వేస్తే ఎలా ఉంటుందో తెలుసుకోగోరేవారు తప్పక తాగాలి. దేవుడి దయవల్ల నా దగ్గర పులిహోర ఉంది. ముందు సీటు పెద్దాయన వెనక్కి తిరిగి, ఎక్కడికని అడిగాడు. రొమేనియా సభకన్నాను.

"రొమేనియానా? అది ఒహాయోలోనే ఉందా?"

"కొంచెం అవతల," అంది డోయినా.

దారి పొడుగునా ఆవిడ కవితను మననం చేసుకుంటూనే ఉంది. అది నాకూ వచ్చు. అక్కడ రొట్టె కోసం వాళ్ళమ్మ నిలబడే క్యూ గురించని, మా వంటింట్లో కూర్చుని తన ఇంగ్లీషులో అర్థం చెబుతుంటే, సరదాకి తెలుగులోకి తిప్పుకుని తనకీ వినిపించేదాన్ని. నేను బడికి వెళ్ళలేదు. నాన్నగారు ఇంట్లో చెబితే విని, నోటితో అప్పజెప్పిన చదువు నాది. అందుకని కాగితం మీద పెట్టే పని పడలేదు.

పన్నెండు కాకముందే చేరాం. సభ ఒక చర్చి కింది హాల్లో. గుమ్మంలో కుట్టుపని రవిక తొడుక్కున్న అమ్మాయి, తువ్వాలు మీద పెద్ద గుండ్రటి రొట్టె, దాని నడుమ ఉప్పు గిన్నె పట్టుకుని నిలబడింది. వచ్చినవాళ్ళు రొట్టె తుంచి ఉప్పులో అద్దుకుని తినాలి, అదీ వాళ్ళ మర్యాద. ఉప్పు చేతినుంచి అందుకుంటే తగువులొస్తాయని మా అమ్మ చెప్పేది. ముక్కూ మొహం తెలియని పిల్లతో నాకు తగువెందుకు? ఉప్పు జోలికి పోకుండా ముక్క తుంచి, కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాను. ఎవరో టక్కున ఫోటో తీశారు.

వాళ్ళ ప్రభుత్వం తరఫున రాజధాని బుఖారెస్ట్ నుంచి బృందాన్ని తీసుకొచ్చిన డైరెక్టర్ గారు పొంగిపోయారు. "చూశారా! ఇండియాలో మన రొట్టెకి మొక్కుతారు!"

లోపల డోయినా తన వంతు ఎప్పుడని అడిగింది.

"సారీ మేడమ్, టైం లేదు. ముందే ఆమోదించినవే ఉంటాయి," అన్నారాయన.

తర్వాత గంటసేపు ఆయనే మాట్లాడారు. గోధుమ చేలు, ట్రాక్టర్లు, వాళ్ళ అధ్యక్షులవారి ముందుచూపు, మళ్ళీ ట్రాక్టర్లు. టైం లేకపోవడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. డోయినా ఒళ్ళో చేతులు పెట్టుకుని నేలకేసి చూస్తూ కూర్చుంది. ఆ మధ్యలో ఒక ముసలాయన పిల్లనగ్రోవి వాయించాడు. కల్లలాడితే కళ్ళు పోతాయి, అంత బాగా వాయించాడు. బస్సు టికెట్టు ఆ కాసేపటికే గిట్టుబాటయింది.

చివర్లో డైరెక్టర్ గారు లేచి, "ఇండియా సోదరి తన భాషలో మనకోసం రెండు మాటలు చెబుతారు," అన్నారు. డోయినా నా వైపు చూసింది. మనసులో దణ్ణం పెట్టుకుని మైకు ముందు నిలబడి మొదలుపెట్టాను.

"అమ్మ ఎదుట ఒక వీపు, ఆ వీపు ఎదుట ఇంకో వీపు,
అన్ని వీపుల చివరా ఎక్కడో ఒక రొట్టె..."

చివరిదాకా చెప్పాను. హాలంతా చప్పట్లు. కొట్టనిది ఒక్క డోయినానే.

"అద్భుతం! దేని గురించి?" అన్నారు డైరెక్టర్ గారు.

డోయినా వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. నాకు అబద్ధం చేతకాదు.

"అమ్మ గురించండీ. రొట్టె గురించి."

"ఆహా, మా దేశపు పాడిపంటలు! రాసివ్వండి, మా పత్రికలో వేస్తాం."

బుఖారెస్ట్‌లో తెలుగొచ్చినవాడు ఒక్కడుంటే చాలు, ఆ అన్నయ్య కొంప మునగడానికి. "మా ఇంట్లో చదువంతా నోటితోనేనండీ," అని నమస్కారం పెట్టి బయటపడ్డాను.

అయిదు గంటల బస్సు ఎక్కాం. మొత్తానికి ఆ రోజు రొమేనియా సాహిత్యానికి జరిగిన ప్రచారం ఇది: చెప్పిందేమిటో విన్నవాళ్ళకు తెలియదు, తెలిసినావిడ నోరు విప్పలేదు, మెచ్చుకున్నాయనకు అర్థమైతే ఊరుకోడు. అయినా అంతటి సభ ఇచ్చినందుకు దేవుడికి దణ్ణం.

"పదిమందీ విన్నట్టే అంటావా?" అంది డోయినా.

"వినిపించమన్నాడు, వినిపించాం. అర్థమవ్వాలని అడగలేదుగా."

నవ్వింది గాని ఆ నవ్వు నిలవలేదు. "నిజం చెప్పు లక్ష్మీ, అది మంచి కవితేనా? తిట్టేవాళ్ళు చదవకుండా తిడతారు. నేనేమో ఏడుస్తూ చదువుతాను. నాకెలా తెలుస్తుంది?"

"డైరెక్టర్ గారు గంటసేపు మాట్లాడారు కదా, ఒక్క ముక్క చెప్పు."

"ట్రాక్టర్."

"మీ అన్నయ్యది మూడోసారి వినేటప్పటికే నాకు నోటికొచ్చేసింది."

డోయినా కిటికీ వైపు తిరిగి, "మళ్ళీ చెప్పు," అంది. ఈసారి గొంతెత్తి చెప్పాను. ఆ బస్సులో ఎవరి ఆమోదమూ అక్కర్లేదు.