అడుగున పచ్చి

మా పసుపు ఉడికి కల్లంలో ఆరుతున్న రోజుల్లో నేను హాస్టల్ వదిలి ఇంటికి వచ్చేశాను. పీజీ రెండో ఏడు. ప్రిపరేషన్ సెలవులని చెప్పాను. అబద్ధం, క్లాసులు జరుగుతూనే ఉన్నాయి. నెల రోజులుగా నాకు నిద్ర లేదు. అన్నం గొంతు దిగడం లేదు. ఒకే పేజీని పదిసార్లు చదివినా ముక్క తలకెక్కడం లేదు. హాస్టల్ మెట్ల దగ్గర 'ఒత్తిడిని జయించండి' అని ఒక పోస్టరు ఉండేది. అందులో ఒక అమ్మాయి పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతుంటుంది. ఆ పిల్లకు పరీక్షలు లేవు కాబోలు. దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది.

"ఎట్లున్నవ్ బిడ్డా?" అన్నాడు బాపు.

"మంచిగనే ఉన్న."

చిక్కిపోయానని అమ్మ హాస్టల్ తిండిని నాలుగు తిట్లు తిట్టింది. అంతటితో అయిపోయింది.

కల్లం కాపలా నాకు అప్పగించారు. రోజూ కొమ్ములు తిరగేయాలి, మబ్బు పడితే పరదాలు కప్పాలి. కల్లం పక్కనే మందులర్ర. చేనుకు కొట్టే పురుగుమందులన్నీ ఆ గదిలోనే. దానికి తాళం ఎప్పుడూ లేదు, ఒట్టి గొళ్లెం. పుట్టినప్పటి నుంచి చూస్తున్న తలుపే, ఎన్నడూ పట్టించుకోలేదు. ఆ వారం మాత్రం అటు వీపు పెట్టి కూర్చునేదాన్ని. వీపు పెట్టినా అది అక్కడ ఉందని తెలుస్తూనే ఉండేది. నాకు నా మీదే భయం వేసింది.

పసుపు ఎండిందో లేదో చూడడం మా ఇళ్లలో చిన్నపిల్లలకూ తెలుసు. అడుగుదాకా చెయ్యి పెట్టి కొమ్ము తీసి విరవాలి. టక్కుమంటే ఎండినట్టు, వంగితే పచ్చి. పైవి ముందే గట్టిపడతాయి, వాటిని నమ్మకూడదు. ఒక మధ్యాహ్నం మబ్బు కమ్ముకొస్తుంటే బాపు గట్టు మీది నుంచి కేకేశాడు.

"ఎండిందా బిడ్డా? జర ఇరిచి చూడు."

కూర్చున్నచోటి నుంచే చేతికందిన రెండు కొమ్ములు విరిచాను. టక్కుమన్నాయి. వంగి అడుగున వెతికే ఓపిక లేదు. ఏమైపోతే నాకేంటి అనిపించింది. "ఎండింది బాపూ" అన్నాను. వాన రాకముందే అంతా సంచులకెత్తారు.

మార్కెట్ యార్డుకు నేనూ వెంట పోయాను. ఇంట్లో ఒంటరిగా ఉండడానికి భయమేసి. ఖరీదుదారు సంచిలో మోచేతిదాకా చెయ్యి దూర్చి కొమ్ము తీశాడు. వంచాడు. అది విరగలేదు. ఇంకో సంచి చూశాడు, ఇంకోటి చూశాడు.

"ఏం పటేలా, గింత అనుభవమున్నోనివి, పచ్చి పసుపు తెస్తివా?" అన్నాడు పదిమందిలో.

బాపు తలెత్తలేదు. బూజు పట్టకముందే విప్పి ఆరబెట్టాలని సంచులన్నీ మళ్లీ ట్రాక్టరుకెక్కించాం. ఇప్పుడు తిడతాడు, ఇప్పుడు తిడతాడు అని పక్కన బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాను. ఇంటికి తిరిగొస్తూ ఆలూర్ రోడ్డులో ట్రాక్టరు ఆపాడు.

"కిందికెల్లి తీసి చూసినవా?"

"లేదు."

"ఎన్నడు గిట్ల చెయ్యలె నువ్వు. ఏమైంది బిడ్డా?"

"బతుకబుద్ధి అయితలేదు బాపూ."

మంచిగనే ఉన్న అన్నంత మామూలుగా వచ్చింది ఆ మాట.

"నువ్వు మంచిగున్న అంటే, మంచిగున్నవనే అనుకున్న" అన్నాడు.

ఇల్లు చేరాక సంచులు దించలేదు. ఇంటి ముందు తలుపుకు వేసే తాళం తెచ్చి మందులర్రకు వేశాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. తెల్లారగానే నిజామాబాద్‌లో మనసుకు వైద్యం చేసే డాక్టరు దగ్గరికి నన్ను బయలుదేరదీశాడు. ఆకాశం నల్లగా ఉంది. సంచులు ట్రాక్టరులోనే, మూతులు కట్టినట్టే ఉన్నాయి.

"మబ్బు పట్టింది బాపూ, పసుపు ఖరాబైతది."

"కానియ్యి. నువ్వు బస్సెక్కు."

సగం సంచులు బూజు పట్టాయి. నేను డాక్టరు ఇచ్చిన గోలీలు వేసుకున్నాను, ఒక సెమిస్టరు ఆగి మళ్లీ చేరాను. ఇప్పుడు నిద్ర పడుతోంది. ఇంటికి పోయినప్పుడు బాపు ఎట్లున్నవని అడిగి ఊరుకోడు, ఎదురుగా కూర్చుని మొహం చూస్తాడు. మంచిగనే ఉన్నానంటాను. చాలాసార్లు అది నిజమే. తాళంచెవి ఇంకా ఆయన మొలతాడుకే ఉంది. తాళం తీసెయ్యమని నేనూ అడగలేదు.