ఇరవై నాలుగో కార్డు

2025 జూన్ 9, సోమవారం. ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలు. మృగశిర కార్తె ప్రవేశించి ఒక రోజైంది. కరీంనగర్ మీద మబ్బు ఉంది గాని చినుకు లేదు. గోడ మీది ఉష్ణమాపకం ముప్పై ఆరు డిగ్రీలు చూపుతోంది. పదవీ విరమణ చేసిన నన్ను ఇంజనీరింగ్ కళాశాల ప్రయోగశాలకు ఆరు వారాల ఇంటర్న్‌షిప్ పర్యవేక్షణ కోసం మళ్లీ పిలిచారు. ఆ ఉదయమే ఇంటర్న్‌లలో ఒక అమ్మాయి వచ్చి నా బల్ల ముందు నిలబడింది. వయసు ఇరవై, ఊరు నిర్మల్ దగ్గర.

కార్డు ఆనిస్తే హాజరు నమోదయ్యే ఆర్‌ఎఫ్‌ఐడీ పరికరాలు మూడు తయారుచేసి, మూడు గుమ్మాల దగ్గర బిగించి, వైఫై ద్వారా ఒకే కంప్యూటరుకు కలపడం ఆమె పని. చివరి ఐదు పనిదినాల్లో యంత్రం చూపిన సంఖ్యా, లోపలి మనుషులను నేను లెక్కించిన సంఖ్యా సమానం కావాలి. ఒక్క రోజు తప్పినా సర్టిఫికెట్ లేదు. ఆ షరతు పెట్టింది నేనే.

టంకం వేసేటప్పుడు ఆమె ఊపిరి బిగబట్టేది. నాలుగు వారాల్లో మూడు పరికరాలూ సిద్ధమయ్యాయి. జూలై 7, సోమవారం తొలి పరీక్ష. ఇంటర్న్‌లు ఇరవై ముగ్గురు. యంత్రం ఇరవై నాలుగు చూపింది. మంగళ, బుధవారాల్లోనూ అంతే. నెట్ ఆగినప్పుడు పరికరం ఒకే హాజరును రెండుసార్లు పంపుతోందని అనుమానించాము. ఆమె ఆ భాగాన్ని రెండుసార్లు తిరగరాసింది. ఫలితం మారలేదు.

“సార్, గా ఇరవై నాలుగోన్ని నేనే. క్యాంటీన్ల రెండు ప్లేట్లు తింట గదా,” అన్నాడు తోటి విద్యార్థి ఒకడు.

“నువ్వు తినేదానికి గీ మిషిన్ ముప్పై చూపాలెరా,” అందామె.

గురువారం నమోదుల జాబితా అంతా అచ్చు తీయించాను. ప్రతిరోజూ తొమ్మిది గంటల ఐదు నిమిషాలకు పేరు లేని కార్డు నంబరు ఒకటి ఉంది.

“ఇదెవరిది బిడ్డా?”

ఆమె సంచీలోంచి అంచులు అరిగిన కార్డు తీసి బల్ల మీద పెట్టింది.

“మా బాపుది సార్. మస్కట్ల లేబర్ క్యాంపు గేటు కార్డు. పోయినసారి వచ్చినప్పుడు జేబులనే ఉండిపోయింది. గాడ కొత్తది ఇచ్చిన్రట. మన మిషిన్ల మోగుతదా అని చూసిన. మోగింది. ఇగ రోజూ...” కార్డును తన వైపు జరుపుకుంది. “తెరమీద ‘తెలియని కార్డు’ అనే వస్తుండె. లెక్కల రాదనుకున్న సార్.”

ప్రోగ్రాము పేర్లను కాక మోతలను లెక్కిస్తోంది. లోపం అదే.

“మీ బాపు ఎన్నిసార్లొచ్చిండు?”

“నేను పుట్టినంక ఐదుసార్లు. వచ్చినప్పుడల్లా నలభై అయిదు రోజులు.”

రెండు వందల ఇరవై అయిదు. జాబితా అంచున రాసుకున్నాను. ఆమె చూస్తోందని కాగితం తిరగేశాను.

ప్రోగ్రాములో ఒక్క వరుస మార్చి ఆమె లోపం సరిచేసింది. తర్వాత అడిగింది: “ఇంక లెక్కల రాదు సార్. పొద్దున ఒక్కసారి ఆనించుకోవచ్చా?”

“షరతు పూర్తయ్యేదాకా వద్దు,” అన్నాను. నియమం ప్రకారం అది సరైన జవాబే. ఆమె కార్డును సంచీలో పెట్టుకుంది.

జూలై 14 నుంచి 17 వరకు సంఖ్యలు సరిపోయాయి. ఆ నాలుగు రోజులూ తొమ్మిది గంటల ఐదు నిమిషాలకు నా చూపు గుమ్మం వైపు పోయింది. గురువారం సాయంత్రం నేనే చెప్పాను: “రేపు కావాలంటే ఆనించు. లెక్క తప్పదు. నువ్వే సరిచేసినవు గదా.”

“వద్దు సార్. ఏమన్న అటిటైతే ఆరు వారాలు పోతయి.”

శుక్రవారం ఆమె తన కార్డు మాత్రమే ఆనించి లోపలికి వెళ్లింది. నేను కలం పట్టుకుని తొమ్మిది గంటల పది నిమిషాల దాకా ఎదురుచూశాను. ఆమె సర్టిఫికెట్ తీసుకుని వెళ్లిపోయి నెలలు గడిచాయి. ఇప్పటికీ కళాశాలకు వెళ్లినప్పుడల్లా ఆ గుమ్మం దాటుతూ అరనిమిషం ఆగుతాను, ఒక్క మోత ఎక్కువ వినబడాలని.

జూలై 18న హాజరైనవారు ఇరవై ముగ్గురు. యంత్రం చూపినది ఇరవై మూడు. ఐదు రోజులకు కలిపి నా లెక్క నూట పదిహేను, యంత్రం లెక్క నూట పదిహేను. తేడా లేదు.