బియ్యం డబ్బాలో ఫోను

మాస్టర్ పోయి ఏడాది దాటింది. కడప చుట్టుపక్కల ఆయన శాక్సఫోన్ మోగని పెళ్ళిమండపం ఉండదు. బ్యాండు మేళం వాళ్ళందరికీ ఆయనే పెద్ద. ఇప్పటికీ ఆయన మాటొస్తే జనం కళ్ళు తుడుచుకుంటారు. నేనూ తుడుచుకున్నాను, సరిగ్గా నలభై రోజులు. ఆ నలభయ్యో రోజున ఆయన నన్ను ఎంత మోసం చేశాడో తెలిసింది. అప్పట్నుంచి ఏడుపు రావడం లేదు, కోపమొస్తోంది. పోయిన మనిషి మీద కోపం పెట్టుకుంటే తీర్చుకునే దారి కూడా ఉండదు. అయినా పెట్టుకున్నాను.

నాది మైదుకూరులో బట్టల అంగడి. కర్నూల్లో డిగ్రీ చదివేటప్పుడు హాస్టలు గదిలో ఒక పాత రేడియో గరగరల మధ్య జాజ్ విని, ఆ పిచ్చి నెత్తికెక్కించుకున్నాను. మా ఇంట్లో ఎవరికీ అది సంగీతంలాగే వినపడలేదు. చీరల మడతలు విప్పుతూ జాజ్ వినే శెట్టి ఈ సీమ మొత్తానికి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

మాస్టర్‌ను మొదట చూసింది చాలా ఏళ్ళ తర్వాత, కర్నూల్లోనే మా బంధువుల పెళ్ళిలో. అప్పగింతల వేళ బ్యాండు వాళ్ళు వాయించే సినిమా పాట ఒకటుంటుంది కదా, ఏడవని వాళ్ళను కూడా ఏడిపించేది, అదే ఎత్తుకున్నారు. సగంలో శాక్సఫోన్ ముసలాయన ఆ పాటను ఉన్నచోటే కూర్చోబెట్టి తాను వాయింపులోనే బయటికి పోయాడు. ఊళ్ళో సందులన్నీ తిరిగాడు, ఎవరితోనో పోట్లాడాడు, నవ్వాడు, తిరిగొచ్చి వదిలిన చోటే పాటను మళ్ళీ అందుకున్నాడు. పెళ్ళికూతురి తల్లి ఏడుపాపి ఆయన వైపు చూసింది. 

బ్యాండు వాళ్ళు భోజనాలకు కూర్చున్న చోటికి పోయి, "మాస్టర్, మీరు వాయించింది జాజ్ కదా?" అని అడిగాను. ఆయన అన్నం కలుపుతున్న చేయి ఆపాడు.

"దాని పేరెత్తిన మనిషి ఇన్నేండ్లలో నువ్వొక్కడివే శెట్టీ. యాడ నేర్సినావు ఆ మాట?"

ఆయనది దూదేకుల ఇల్లు. తాతలంతా నాదస్వరం విద్వాంసులు. ఈయన మాత్రం కుర్రతనంలో గుంతకల్లు పోయి, రైల్వే క్లబ్బు డాన్సులకు వాయించే ఒక ఆంగ్లో ఇండియన్ ఇంజను డ్రైవరు దగ్గర శాక్సఫోన్ నేర్చుకున్నాడు. ఆ డ్రైవరు పోయాడు, డాన్సులూ పోయాయి. ఆ వాయింపు మాత్రం మన పెళ్ళిళ్ళలోకి దూరింది.

ఆ వారం మొదలు ఎనిమిదేళ్ళు, ప్రతి ఆదివారం అంగడి మూసేసి తొమ్మిది గంటల బస్సెక్కి కడపలో ఆయన ఇంటికి పోయాను. గడప దాటగానే ఒక నియమం ఉండేది. మాస్టర్ కూతురు బియ్యం డబ్బా మూత తీసి పట్టుకునేది. నా ఫోను అందులో పెట్టి, పైన బియ్యం కప్పి, మూత బిగించాకే ఆయన శాక్సఫోన్ మూతికి బిగించే రెల్లుపుల్ల రీడు నోట్లో పెట్టుకుని నానబెట్టేవాడు. ఒక్కసారి రికార్డు చేసుకుంటానని మొదట్లో ఎంతో బతిమాలాను.

"వొద్దు శెట్టీ. గాలిలో పుట్టింది గాలిలోనే పోవల్ల. పట్టి పెడితే చచ్చిపోతాది. చచ్చినదాన్ని వింటావా?" అన్నాడు.

ఆ మాట నాకు మంత్రమైపోయింది. చీర కొనడానికి వచ్చిన వాళ్ళకు కూడా చెప్పేవాణ్ణి. వాళ్ళు తలూపి, ధర తగ్గించమనేవాళ్ళు.

మా అమ్మాయి పెళ్ళి మైదుకూరులోనే చేశాను. అప్పగింతలకు మాస్టరే వాయించాడు. వీడియో అతన్ని పక్కకు పిలిచి, ఆయన వాయించినంతసేపూ శబ్దం ఎక్కకుండా చూడమని నేనే చెప్పాను. "అప్పగింతలు కదా సార్" అని నసిగాడు. కసిరాను. చుట్టాలు పైకెత్తిన ఫోన్లు కూడా దించేయించాను. మాస్టర్ అదంతా చూస్తూనే ఉన్నాడు. చూస్తూనే రీడు నోట్లో పెట్టుకున్నాడు. ఆ రోజు వాయించినట్టు ఆయన ఎన్నడూ వాయించలేదు. ఎలా వాయించాడని అడిగితే మాత్రం చెప్పలేను, నాకు పాట గుర్తుండదు. వీడియోలో ఆ చోట ఏదో సినిమా పాట అతికించారు. మా అమ్మాయి నా భుజం మీద పడి ఏడుస్తూ ఉంటుంది, వెనక ఎవడో పాడుతుంటాడు.

"నాన్నా, ఆ తాత వాయించింది యాడుంది?" అని అమ్మాయి అడిగింది.

"గాలిలో" అన్నాను, గొప్పగా. ఆమె ఆ వీడియో మళ్ళీ పెట్టలేదు.

మాస్టర్ ఒక చలికాలం నిద్రలోనే పోయాడు. నలభయ్యో రోజు ఆయన పేరున చదివించే ఫాతిహాకు నన్నూ పిలిచారు. నేను మాంసం తిననని మాస్టర్ కూతురు వేరే గిన్నెలో పులగం వండి పెట్టింది. రెండు ముద్దలు తిన్నానో లేదో, లోపలి గదిలోంచి శాక్సఫోన్ వినిపించింది. ఆయనే. ఎవరికీ సాధ్యం కాని ఆ తిరుగుడు ఆయనదే. ఎంగిలి చేత్తోనే లేచి లోపలికి పోయాను. కూతురు తన ఫోను పట్టుకుని బంధువులకు వినిపిస్తోంది.

"ఇది ఎక్కడిదమ్మా?"

"నేను పట్టిందే అన్నా. దినామూ నాయన వాయిస్తాంటే పెట్టేదాన్ని. ఆయనే పెట్టమనేవాడు. సరిగ్గా పడకపోతే మళ్ళా వాయించేవాడు."

"రోజూనా?"

"ఆదివారం తప్ప."

ఫోను తీసుకుని వేలితో జరుపుతూ పోయాను. సోమవారాలున్నాయి, గురువారాలున్నాయి, వందల కొద్దీ ఉన్నాయి. పెళ్ళిళ్ళలో ఎవరు రికార్డు చేసుకున్నా ఏమీ అనేవాడు కాదట. ప్రొద్దుటూరులో ఒక పెళ్ళిలో అయితే కెమెరా ముందుకొచ్చి నిలబడి మరీ వాయించాడట. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మరి నా చెవిలోనే ఎందుకు పువ్వు పెట్టాడమ్మా? నా బిడ్డ అప్పగింతలకు నేను అందరి ఫోన్లూ దించేయిస్తుంటే, చూస్తూ ఎట్లా ఊరుకున్నాడు?" గట్టిగానే అరిచాను. ఫాతిహాకు వచ్చినవాళ్ళంతా నా వైపు చూశారు.

ఆమె తల వంచుకునే చెప్పింది. "నేనూ అడిగినా అన్నా, పాపం శెట్టన్నకు ఒకటన్నా ఇస్తాం నాయనా అని. 'ఇయ్యద్దు మే. ఆయప్ప వొచ్చేది దానికోసమే. చేతికిస్తే ఇంగ ఆదివారం యాల వొస్తాడు? మైదుకూర్లోనే కూచ్చోని వినుకుంటాడు' అన్యాడు. మీ పాప పెండ్లి నాడు ఇంటికొచ్చి అన్నం కూడా తినల్యా. తప్పు చేసినా అన్యాడు. అయినా నీకు చెప్పనీల్యా."

మంచి చీర ముందే విప్పితే గిరాకీ తొందరగా లేచిపోతాడని, దాన్ని చివరిదాకా దాచిపెడతాం మేము. ఆ ఎత్తు నాకు మా నాన్న నేర్పాడు, ముప్పై ఏళ్ళుగా వేస్తున్నాను. నా మీదే ఎనిమిదేళ్ళు ఎవరో వేశారని తెలిసేసరికి తట్టుకోలేకపోయాను. నేను గురువనుకున్న మనిషి నన్ను గిరాకీ అనుకున్నాడు. గంట సేపు ఎండలో బస్సు కుదుపులు తిని పోయింది ఉత్త పాట కోసమేనా? ఆయన పోసిచ్చిన టీ, గుంతకల్లు కబుర్లు, ఆయన దగ్గుతుంటే వీపు నిమిరిన పూటలు, ఇవన్నీ నాకు లెక్కలేదనుకున్నాడా? పాట చేతికిచ్చినా వస్తావా అని ఒక్కసారి నన్ను అడిగి ఉండొచ్చు. తప్పకుండా వస్తానని చెప్పేవాణ్ణి.

బయల్దేరేటప్పుడు ఆమె రికార్డింగులన్నీ నా ఫోనులోకి ఎక్కించింది. "ఇంగ ఇవన్నీ నీవే అన్నా. అప్పుడప్పుడూ వొస్తాండు. ఆదివారమొస్తే ఇల్లంతా బోసిగా ఉండాది" అంది. వస్తానమ్మా అన్నాను.

మధ్యాహ్నం పూట బేరాలు లేనప్పుడు అంగట్లో కూర్చుని వింటుంటాను. ఒక్కోదాని చివర్లో ఆయన గొంతు వినిపిస్తుంది, "పడిందా మే?" అని కూతుర్ని అడుగుతూ. పడింది మాస్టర్, అన్నీ బ్రహ్మాండంగా పడ్డాయి. మా అమ్మాయి అప్పగింతలు ఒక్కటే లేదు. దానికి మాత్రం నిన్ను క్షమించలేదు.

ఆదివారం ఇప్పటికీ అంగడికి సెలవే. కడప బస్సు తొమ్మిదింటికి మా అంగడి ముందు నుంచే పోతుంది. ఆ ఫాతిహా తర్వాత నేను ఒక్కసారి కూడా అది ఎక్కలేదు.