సముద్రపు పొగగొట్టానికి పదడుగుల దూరం

ఈ ప్రయాణంలో పోయినవి: ఒక గొడుగు, ఎడమకాలి చెప్పు, ఒక రాత్రి నిద్ర, నేను ఎంతో నమ్మకంగా వేసిన ఒక లెక్క. మొదటి మూడింటికీ విచారం లేదు.

సముద్రం అడుగున పొగగొట్టాల్లాంటివి ఉంటాయనీ, మూడువందల యాభై డిగ్రీల నీరు వాటిలోంచి నల్లగా ఎగజిమ్ముతుందనీ, చుట్టూ రొయ్యలు బతుకుతాయనీ ఒక పత్రికలో చదివాను. జంషెడ్‌పూర్‌లో మేముండే బాగ్‌బేరాలో మా తెలుగువాళ్ల ఉత్సవానికి దాని మట్టి నమూనా చేద్దామనుకున్నాం. రొయ్యలను ఎంత దూరంలో పెట్టాలన్నదే ప్రశ్న. మా ఊరి పక్కనున్న గమ్హరియా ఫౌండ్రీలో కరిగిన ఇనుము పోసేచోటికి పదడుగుల దూరాన సుద్దగీత ఉంటుంది. దాన్ని ఊరికే ఎవరూ దాటరు. సముద్రంలో వేడి తక్కువైనా, నీళ్లు గాలికన్నా గట్టిగా కాలుస్తాయి కనుక ఆ పదడుగులే ఖాయం చేశాను.

ఆ ఫౌండ్రీలో ఇసుక అచ్చులు తీసే మోల్డరుగా పనిచేసే మా బావమరిది అప్పలరాజు మాత్రం జానెడే అన్నాడు.

"నీకెలా తెలుసు?"

"నాకేటీ తెల్దు బావా. నువ్వు ఇంత గట్టిగా సెప్తన్నావంటే అది కాదన్నమాటే."

పందెం వేసుకున్నాం. ఓడినవాడు ఫౌండ్రీలోని పద్దెనిమిది మందికీ రొయ్యలకూరతో భోజనం పెట్టాలి. విశాఖలో సముద్ర శాస్త్రజ్ఞుల ప్రదర్శన జరుగుతోందని తెలిసి, అక్కడే తేల్చుకుందామని బయలుదేరాం.

మా ఊరి స్టేషను టాటానగర్‌లో ఉదయం ఆరున్నరకు బండి. ఖరగ్‌పూర్‌లో దిగి సాయంత్రం దాకా ఆగాలి. వెళ్లేవాళ్లు పులిహోర కట్టుకెళ్లండి. అక్కడ పూరీలు బాగుంటాయి గాని కూర ఉత్త కారం. మద్రాసు బండి ఎక్కే తోపులాటలో నా చెప్పు పట్టాల మీద పడిపోయింది. ఎదురు సీట్లో పలాస వెళ్తున్న పెద్దావిడ మా వాదన వింది.

"సముద్రం అడుగున కుంపటేటి బాబూ? ఎవులు రాజేసినారు?"

"మా బావనడక్కమ్మా, అదీ లెక్కకట్టేత్తాడు," అన్నాడు అప్పలరాజు.

వాదనలోనే కునుకు లేకుండా రాత్రి గడిచి, తెల్లవారుతుండగా విశాఖ చేరాం. స్టేషను దగ్గర లాడ్జిలో స్నానాలు చేసి, పదింటికల్లా ప్రదర్శన దగ్గర దిగాం. గొడుగు ఆటోలోనే ఉండిపోయింది.

గాజుపెట్టెలో ఆ గొట్టం ముక్క ఒకటి ఉంది. లోపల ఇత్తడి మెరుపు, పైన బొగ్గు నలుపు. పక్కనున్న శాస్త్రజ్ఞురాలికి మా సుద్దగీత సంగతి చెప్పాను. ఆవిడ నవ్వేశారు.

"కొలిమి సెగ గాలిలో దూరం వస్తుందండీ. అక్కడ చుట్టూ ఉన్నది రెండు డిగ్రీల నీరు. వేడిధార పైకి పోతుంది. పక్కన జానెడు దూరానికే చల్లగా ఉంటుంది. అసలది పొగే కాదు. వేడినీటిలో కరిగి వచ్చిన ఇనుము, రాగి, జింకు చల్లనీరు తగలగానే గంధకంతో కలిసి పొడిగా మారతాయి. ఆ పొడి పేరుకుంటేనే ఈ గొట్టం. లోపలి మెరుపు రాగిది."

"రొయ్యలు కాస్త ఎడంగా ఉండొచ్చు కదండీ?" అని చివరి ప్రయత్నం చేశాను.

"తిండేదీ? అక్కడికి ఎండ రాదు. ఆ నీటిలోని గంధకపు వాయువుతో బతికే సూక్ష్మజీవులే వాటికి ఆహారం. మీ పదడుగుల దగ్గర ఆకలితో చస్తాయి. మరీ దగ్గరికి పోతే ఉడుకుతాయి. ఆ మధ్యనున్న కాస్త చోటే వాటి ఊరు."

తర్వాత ఒక నత్త ఫొటో చూపించారు. హిందూ మహాసముద్రంలోనే దొరికిందట. దాని పాదం నిండా ఇనుము పట్టిన పొలుసులు.

"ఇనప సెప్పులేటి బావా! పక్కా మన జంషెడ్‌పురోడే. నీలాగ పట్టాల మీద పారేసుకోడు."

తిరుగు ప్రయాణంలో ఊరు దగ్గరపడుతుంటే కొలిముల ఎర్రటి వెలుగు ఆకాశం మీద కనిపించింది. సెగకూ ఆకలికీ మధ్యనున్న కాస్త చోటులోనే మేమందరం కాపురాలు పెట్టుకున్నాం కదా అనిపించి, ఓడిపోయిన బాధ పోయింది. నమూనాలో రొయ్యలను గొట్టానికి దాదాపు ఆనించి పెట్టాను.

పందెం మాత్రం విడతలుగా తీరుస్తున్నాను. పద్దెనిమిది మందిలో పదకొండు మంది భోంచేశారు. తిన్నవాళ్లే మళ్లీ మళ్లీ వస్తున్నందువల్ల, నేటికీ ఏడుగురు బాకీ.