సలాం జేబులో సింహం

హిందూపురంలో కుక్కర్లు రిపేరు చేసే సలాంకి ఒకటే పిచ్చి. ఎనభై దాటిన మనిషి ఎక్కడ చనిపోయినా సరే, చుట్టం కాకపోయినా పోతాడు. పెనుకొండ, ధర్మవరం, తాడిమర్రి, ఊరేదైనా ఒకటే. పోయినవాళ్ళ కులం, మతం, ఆఖరికి పేరు కూడా ఆయనకు అక్కర్లేదు. వయసు చెబితే చాలు. "డెబ్బై రెండా? అయ్యో పాపం" అని స్క్రూడ్రైవరు మళ్ళీ చేతిలోకి తీసుకుంటాడు. "ఎనభై ఆరు" అన్నారా, చేతిలో గాస్కెట్టు కిందపడేసి బస్టాండుకు పరుగు.

పోయేముందు షట్టరుకు పలక తగిలిస్తాడు. 'ఈ దినం తాడిమర్రిలో సావు. కుక్కరు రేపు.' బజారులో సగం మందికి ఎవరు పోయారో తెలిసేది ఆ పలక చూసే. ఒకసారి మాత్రం ఊరికే పలకరింపుకని వెళ్తూ 'పెనుకొండ మారుతి ఇంటికి పోయినా' అని రాశాడు. సాయంత్రంలోగా ఆ ఇంటికి నలుగురు పూలదండలతో దిగారు. తలుపు తీసింది మారుతే.

"ఏమప్పా సలామూ, నన్ను సంపేసినావంట?" అని మారుతి ఫోన్ చేస్తే సలాం నొచ్చుకున్నాడు. "నీకింకా అరవై నాలుగే కదబ్బా! నీ సావుకు నేనేల వస్తాను?"

ఈ పిచ్చికి మూలం ఆయన తాత. ఆ తాతది నార్వే. తెల్లదొరల కాలంలో ఎర్రకోటు వేసుకుని, పిల్లికళ్ళతో పెనుకొండ కోట కింద దిగాడట. పెట్రోమాక్సు లైట్లు బాగుచేస్తూ బతికాడు, ఒక సాయిబుల పిల్లను ఇష్టపడ్డాడు, కలిమా చదివి నిఖా చేసుకున్నాడు, ఊరికి 'నార్వే సాబు' అయిపోయాడు. ఎక్కడినుంచి వచ్చాడో చెప్పాడు గానీ, వచ్చేముందు ఏం చేసేవాడో ఎవరికీ చెప్పలేదు. మిలిట్రీలో పనిచేశాడని ఇంట్లోవాళ్ళ నమ్మకం. ఎర్రకోటు చెదలకు పోగా దాని ఇత్తడి గుండీ ఒకటి మిగిలింది. దానిమీద రెండు కాళ్ళు పైకెత్తిన సింహం, సింహం చుట్టూ ఉదయించే సూర్యుడు. అది మిలిట్రీ గుర్తు కాక మరేమిటి?

తమ చిన్నప్పుడు తాతను చూసినవాళ్ళు ఇప్పుడు ఎనభై దాటినవాళ్ళే. వాళ్ళందరూ ఒకచోట కుదురుగా కూర్చుని దొరికేది చావింట్లోనే. అందుకని సలాం మొదట పాడె పనిలో చేయి వేస్తాడు, నీళ్ళు మోస్తాడు, ఆ తర్వాత మెల్లగా ముసలివాళ్ళ పక్కకు కుర్చీ లాక్కుని, జేబులోంచి గుండీ తీస్తాడు.

"పెద్దాయనా, మా తాత నార్వే సాబు మిలిట్రీలో ఉన్న్యాడని యాడన్నా విన్న్యావా?"

"నార్వే యాడుండాదప్పా?"

"శానా పైన."

"కదిరి కన్నా పైనా?"

"కదిరి కన్నా పైనే."

అక్కడినుంచి మొదలు. ఒకరు ఆయన్ను తుపాకీతో చూశామంటారు, ఇంకొకరు అది తుపాకీ కాదు గొడుగంటారు. చచ్చినవాళ్ళను పక్కనబెట్టి ఇద్దరు ముసలాళ్ళు గొడుగు గురించి కొట్లాడుకుంటారు. సలాం మధ్యలో కూర్చుని తల ఊపుతూ ఉంటాడు.

ఇలా తిరిగి తిరిగి పోయినేడు ఆయన గుండెకే స్టెంటు పడింది. బస్సుల్లో, ఎండలో తిరగొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. సలాం బుద్ధిగా తల ఊపి, "సార్, మీ నాయనకెంత వయసు?" అని అడిగాడు. భార్య జాహెదా నోరు మూయించి ఇంటికి లాక్కొచ్చింది.

ఇంటికొచ్చాక జాహెదా, తన మరిది కూతురు షహీన్ చేయి పట్టుకుంది. "పాపా, నువ్వు డిగ్రీ సదివినావు. ఆ నార్వేదేందో నువ్వే కనుక్కో. ఆయప్ప మిలిట్రీనో కాదో తేలిపోతే ఈయన ఇంట్లో పడుంటాడు. లేకుంటే ఏదో ఒక దినం ఆ పలక మీద నేను ఈయన పేరే రాయాల."

ఆమె నవ్వుతూ అన్నది గానీ, షహీన్‌కు నవ్వు రాలేదు. నాయన లేని పిల్లను స్కూలు ఫీజు నుంచి సైకిల్ పంక్చరు దాకా చూసుకున్నది ఈ పెద్నాయనే. ఆ రోజే గుండీకి ఫొటో తీసి, ఫోన్‌లో పాత సైన్యాల పిచ్చివాళ్ళ గుంపులన్నిటిలో పెట్టింది.

జవాబు నార్వేలో గుండీలు పోగుచేసే ఒక పెద్దాయన దగ్గర్నుంచి వచ్చింది. వాళ్ళ దేశపు మిలిట్రీ గుర్తులో సింహం చేతిలో గొడ్డలి ఉంటుందట. 'మీ సింహం చుట్టూ ఉన్నది సూర్యుడు కాదమ్మా. మంటల వలయం. అందులోంచి దూకుతోంది. ఇది సర్కస్ బ్యాండువాళ్ళ కోటు గుండీ. చాలా ముద్దుగా ఉంది.'

షహీన్ ఫొటోను పెద్దది చేసి చూసింది. నిజమే. సూర్యకిరణాలన్నీ నిప్పు నాలుకలే. ఇంతకాలం ఇంటిల్లిపాదీ కళ్ళకద్దుకున్న సింహం రింగులోంచి దూకుతోంది!

ఈ మాట పెద్నాయనకు ఎలా చెప్పాలి? బాధపడతాడు. గుండె అసలే అంతంతమాత్రం. చెప్పకపోతే మళ్ళీ బస్సెక్కుతాడు. తేల్చుకోలేక మరునాడు అంగడికి పోతే షట్టరు వేసి ఉంది. పలక వేలాడుతోంది. 'ముదిగుబ్బలో సావు.'

రైలెక్కి, ధర్మవరంలో మారి, తిట్టుకుంటూ ముదిగుబ్బ చేరింది షహీన్. చనిపోయింది చౌడక్క అనే ముసలామె. కొడుకులు ఫ్రీజర్ బాక్సు కరెంటుకని, షామియానాకని ఫోన్ల మీద ఉన్నారు. కోడళ్ళు ఏడుస్తున్నారు. చౌడక్క మొగుడు హనుమప్ప మాత్రం నీళ్ళ డ్రమ్ము పక్కన, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. వచ్చినవాళ్ళందరూ ఆయన్ను దాటుకుని కొడుకుల దగ్గరికి పోతున్నారు.

"పొద్దన్నించి మాట్లాడలేదు" అంటోంది ఒకామె. "కాఫీ ఇచ్చినా ముట్టలేదు."

సలాం కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చున్నాడు. గుండీ తీసి ఆయన అరచేతిలో పెట్టాడు.

"పెద్దాయనా, నీ సాయం కావాల. మా తాత నార్వే సాబు, మిలిట్రీలో ఉన్న్యాడంటావా?"

హనుమప్ప గుండీని వేళ్ళతో తడిమి చూశాడు. పెదాలు కదిలాయి.

"నార్వే సాబా... పెనుకొండ సంతలో సూసినా. పిల్లికండ్లాయన. ఆ సంతకే గొర్రెలు తోలుకొచ్చినాము. ఆ దినమే గదా, ఆ పిల్లి కండ్లు సూసి ఒక పాప బెదిరిపోయి నా ఎనక దాక్కునింది..." ఆగాడు. ఫ్రీజర్ బాక్సు వైపు చూశాడు. "అదే ఇది. చౌడి. ఏడేండ్లుంటాయేమో అప్పుడు. పెండ్లయినంక గుడా అంటాన్నింది, నీ ఎనక దాక్కున్న్యా కాబట్టి బతికినా అని."

అప్పుడు ఏడ్చాడు. ఏడుస్తూనే నవ్వాడు. సలాం కాఫీ గ్లాసు అందిస్తే తాగాడు కూడా.

షహీన్ పెద్నాయనను పక్కకు పిలిచింది. ఇక ఆగలేక ఒక్క గుక్కలో చెప్పేసింది. "పెద్నాయనా, తాత మిలిట్రీ కాదంట. సర్కస్ బ్యాండంట. అది సూర్యుడు కాదంట."

సలాం మొహంలో ఏ మార్పూ లేదు. "నాకెరికే పాపా. పెనుకొండ రంగనాయకమ్మ ఎప్పుడో సెప్పింది. వాళ్ళ నాయన ఆ సర్కస్ ఏనుగులకు గడ్డి అమ్మినాడంట. మన తాత బాకా ఊదేవాడంట. బాగా గుడా ఊదడంట."

"మరి ఎందుకింకా అడుగుతాండావు?"

సలాం గుండీని చొక్కాకు తుడిచాడు. "ముసిలోళ్ళను ఎవురేం అడుగుతారు పాపా? మాత్ర ఏసుకున్న్యావా, అన్నం తిన్న్యావా, అంతే. నేనొకటి అడిగితే, వాళ్ళకు తప్ప ఇంకెవురికీ తెలీనిదని గుర్తుకు తెచ్చుకుంటారు. ఆ గొడుగు కొట్లాటలో సావు గుడా కొంచేపు మర్సిపోతారు."

షహీన్ ఏదో అనబోయేంతలో జాహెదా ఫోన్ వచ్చింది. "సెప్పినావా? ఇంగన్నా మానుకుంటాడా?"

"పెద్దమ్మా, బస్సు మానుకుంటాడు" అంది షహీన్. "ఇంటికొచ్చి మాట్లాడతా."

వెనకనుంచి హనుమప్ప గొంతు వినబడింది. ఇప్పుడది కాస్త గట్టిపడింది. "ఏమప్పా, ఇంతకీ మీ తాత మిలిట్రీలో ఉన్న్యాడా, లేదా? తేలిందా?"

సలాం షహీన్ వైపు చూశాడు. షహీన్ ఫోన్ సంచిలో పడేసి, ఇంకో కుర్చీ లాక్కుని హనుమప్ప పక్కన కూర్చుంది.

"ఇంగా తేల్లేదు తాతా. నువ్వు సంతలో సూసినప్పుడు ఆయప్ప సేతిలో ఉన్న్యది తుపాకీనా, గొడుగా?"

హనుమప్ప గొంతు సవరించుకున్నాడు.

ఆ తర్వాతి వారం హిందూపురంలో షట్టరుకు మళ్ళీ పలక వేలాడింది. ఈసారి రాత షహీన్‌ది. 'ధర్మవరంలో సావు. ఇద్దరమూ రైలుకు పోయినాము. కుక్కర్లు ఇంట్లో జాహెదాకు ఇవ్వండి. కోపంగా ఉంటుంది, ఏమీ అనుకోవద్దు.'