లోపా వద్దన్న రోజు

సంజుక్త మా బడిలో టీచరు కాకముందు జాత్రా నాటకాల్లో గయ్యాళి వేషాలు వేసేది. ఊరూరా తిరిగి అరిచి అరిచి గొంతులో కాయలు కాశాయి. ఆపరేషన్ చేసిన డాక్టరు కొన్నాళ్లు గుసగుసగా కూడా మాట్లాడొద్దన్నాడట. ఇంట్లోవాళ్లు టీ కావాలా, పడుకుంటావా అని అడిగేవాళ్లు, ఆమె తలూపేది. అంతకుమించి ఏమీ అడిగేవాళ్లు కాదు. గొంతు తిరిగొచ్చాక ఆమె నాటకాలకు వెళ్లలేదు. శిక్షణ తీసుకుని, మాట రాని పిల్లలు చదివే మా కటక్ బడిలో చేరింది. పిల్లల ఇళ్లవాళ్లూ, తోటి టీచర్లమైన మేమూ ఆమెను అపా, అంటే అక్కా, అని పిలుస్తాం.

అప్పటికి మా పిల్లలు మాటకు బదులు వేలు పెట్టి చూపించే అట్టపలకల మీద ఏనుగు, మామిడిపండు, రైలు బొమ్మలుండేవి. ఏనుగేదంటే వేలు పెట్టేవాళ్లు, మేం చప్పట్లు కొట్టేవాళ్లం. అపా ఆ బొమ్మలను ఓ మూలకు జరిపి ఇంకా, ఆగు, వద్దు, పద, నువ్వు, నాకు లాంటి చిన్న మాటలకు బొమ్మలు గీసి అతికించింది. రోజంతా మన నోట్లోంచి వచ్చేవి ఇవేనంది. తాను మాట్లాడేటప్పుడు కూడా పలక మీద వేలు పెడుతూ మాట్లాడేది. సబ్బు బుడగలు ఒక్కసారి ఊది మూత బిగించేసి, ‘ఇంకా’ అని చూపిస్తారేమోనని పిల్లలవంక చూస్తూ కూర్చునేది. ఎవరి చెయ్యీ పట్టుకుని పలక మీద పెట్టేది కాదు.

లోపాకి ఏడేళ్లు. కాళ్లూ చేతులూ బిగుసుకుపోయి ఉంటాయి. తండ్రి విద్యాధర్ వెండితీగతో నగలు అల్లే పనివాడు. పిల్లను నాయనమ్మ కుంతల తీసుకొచ్చేది. వర్షాకాలమంతా లోపా ఆటలు చూసిందేగానీ పలక ముట్టలేదు. కుంతలకు ఈ పద్ధతే నచ్చలేదు.

"బొమ్మలు చూపిస్తే పనైపోతుంటే ఇంక నోరెందుకు తెరుస్తుందమ్మా?" అంది ఒకరోజు. "పైగా ఆ వద్దు బొమ్మొకటి. అది నేర్పావంటే ఇంట్లో ఒక్క ముద్ద తినదు. పీకెయ్."

"నోరు తెరిస్తే నాకంటే సంబరపడేదెవరు మౌసీ? అందాకా చెప్పుకోడానికేదైనా ఉండాలిగా. వద్దనడం రానిదానికి సరేననడం మాత్రం ఏం వస్తుంది?" అంది అపా. బొమ్మ పీకలేదు.

ఆ మర్నాడు దహీబరా, అంటే పెరుగువడల అంగడి ఆట పెట్టింది. అపా అంగడిమనిషి, కుంతల కొనేమనిషి. అపా ఉత్త గిన్నెలోంచి కుంతల పళ్లెంలోకి ఆలూదమ్ కూర వడ్డిస్తూనే ఉంది. చాలంటున్నా వినదు. కుంతల పళ్లెం వెనక్కి లాక్కుంటే గరిటె వెంటబడింది. లోపా ఒళ్లంతా ఊగేలా నవ్వింది. పిడికిలి పలక మీద జారుతూ జారుతూ వెళ్లి ‘ఆగు’ మీద ఆగింది. అపా గరిటె గాల్లో ఉండగానే కొయ్యబారిపోయింది. లోపా ఆమెను చూసింది, నాయనమ్మను చూసింది. మళ్లీ పిడికిలి జరిపింది. ఈసారి ‘ఇంకా’. గరిటె మళ్లీ కుంతల మీదికే వచ్చింది.

"నా మనవరాలివా, ఈ అంగడిదాని మనిషివా?" అని కుంతల కసురుకుంది. కసురుతూనే పళ్లెం మళ్లీ ముందుకు చాపింది.

ఆ పలక లాంటిదే ఒకటి లోపా వాళ్లింటికీ పంపింది అపా. కొద్దిరోజులకు విద్యాధర్ ఎప్పటిలాగే కూతురికి పట్టీల బూట్లు తొడగబోయాడు. కాళ్లు వంకరపోకుండా వేసేవి అవి. వాటిని చూస్తే ఆ పిల్ల రోజూ ఏడ్చేది. మొండితనమనుకుని అదిమిపట్టి తొడిగేవాళ్లు. ఆ పూట లోపా ఏడవలేదు. పిడికిలి ‘వద్దు’ మీద పెట్టింది. తొందరలో ఉన్న విద్యాధర్ బూటు తొడిగేసి పట్టీ అందుకున్నాడు. మళ్లీ ‘వద్దు’.

"ఒరేయ్, పిల్ల మాట్లాడుతుంటే వినపడట్లా?" అంది కుంతల.

విద్యాధర్ బూటు విప్పి చూశాడు. మడమ మీద పుండు. బూటు లోపల రేకు అంచు ఒకటి లేచి ఉంది. ఆ పాదం ఒళ్లో పెట్టుకుని పుండు తుడిచాడట. తర్వాత తీగలు సాపుచేసే ఆకురాయి తెచ్చి అంచు అరగదీశాడు, మెత్తటి గుడ్డ వేశాడు. పుండు మానిందాకా ఆ బూట్లు అటకమీదే ఉన్నాయి.

మళ్లీ తొడిగిన రోజు అడిగాడు: "ఇప్పుడెలా ఉందమ్మా?"

ఎవరూ తొందరపెట్టలేదు. లోపా పిడికిలి పలకంతా తిరిగి తిరిగి చివరికి ‘పద’ అన్న బొమ్మ మీద ఆగింది. విద్యాధర్ ఆ పూట పని పక్కనబెట్టి కూతుర్ని మహానది గట్టుకి తీసుకెళ్లాడు.